ప్రాథమిక బడిలో లెక్క పిల్లల బుద్ధికి పని పెడుతున్నదా?

(హనుమకొండలో ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రులు హాజరైన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశమే ఒక ప్రశ్న. మన ప్రాథమిక బడుల్లో నేర్పే గణితం పిల్లల బుద్ధికి సరిపడా పని పెడుతున్నదా, లేదా? నా అభిప్రాయం మొదటే చెప్పి, ఆ తర్వాత కారణాల్లోకి వెళ్తాను. మన పిల్లలు లెక్కల్లో పడే శ్రమ తక్కువేమీ కాదు. నోటుపుస్తకాలు నిండుతున్నాయి, హోంవర్కు రాత్రి భోజనాల వేళ దాటి సాగుతున్నది, ఒక పరీక్ష ముగిసేసరికి ఇంకొకటి వస్తున్నది. అయినా ఆ శ్రమలో ఆలోచించవలసిన భాగం చాలా కొద్దిగా ఉన్నది. మనం కష్టమైన లెక్క అని పిలిచేదాన్ని విప్పి చూస్తే అందులో సాధారణంగా కనిపించేవి మూడు: అంకెలు పెద్దవి, లెక్కలు ఎక్కువ, సమయం తక్కువ. నాలుగంకెల సంఖ్యను మూడంకెల సంఖ్యతో గుణించమంటే పిల్లవాడు అలసిపోతాడు తప్ప, రెండంకెల గుణకారంలో వాడిన తెలివికంటే కొత్తగా ఏమీ వాడడు.

అంకె చిన్నదైనా బుద్ధికి పని పెట్టవచ్చుననడానికి మన ఇళ్లలో పెద్దవాళ్లు అడిగే పొడుపు లెక్కే సాక్ష్యం. కొన్ని పూలున్నాయి, కొన్ని తుమ్మెదలున్నాయి. పువ్వుకొక తుమ్మెద చొప్పున వాలితే ఒక తుమ్మెదకు చోటు లేకుండా పోయింది. పువ్వుకు రెండేసి వాలితే ఒక పువ్వు ఖాళీగా మిగిలింది. పూలెన్ని, తుమ్మెదలెన్ని? మూడు పూలు, నాలుగు తుమ్మెదలు. ఐదు దాటిన అంకె ఇందులో ఎక్కడా లేదు. ఎక్కం అక్కరలేదు, పెన్సిలు కూడా అక్కరలేదు. రెండో తరగతి పిల్ల నాలుగు చింతగింజలు, నాలుగు ఆకులు ముందర వేసుకుని, జరిపి చూసుకుని, ఒకసారి తప్పిపోయి, మళ్లీ పేర్చుకుని జవాబు పట్టగలదు. ఏ గుర్తు వాడాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ నిర్ణయం పూర్తిగా ఆ పిల్లదే అవుతుంది. దారి ముందే చెప్పకుండా, దారి వెతుక్కోవడానికి కావలసిన సరంజామా మాత్రం పిల్లల దగ్గర ఉండే లెక్కనే నేను బుద్ధికి పని పెట్టే లెక్క అంటున్నాను. పదకొండో శతాబ్దంలోనే మహావీరాచార్యుల గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చుకున్న భాష మనది. లెక్కను పట్టుదలగా, ఇష్టంగా విప్పే అలవాటు మనకు ఎక్కడినుంచో అరువు తెచ్చుకోవలసినది కాదు.

ఇప్పుడు బడిలోకి వద్దాం. తీసివేతల పాఠం చివర అభ్యాసంలో ఉన్నవన్నీ తీసివేతలే. మాటల్లో రాసిచ్చే రాతలెక్క వచ్చినా పిల్లవాడికి చదవవలసిన అవసరం ఉండదు. రెండు సంఖ్యలు వెతుక్కుని, పెద్దదాని కింద చిన్నది వేసి, తీసేస్తే జవాబు వస్తుంది. పాఠం మారి, కూడికలు తీసివేతలు కలిపి ఇచ్చిన రోజున మాత్రం ప్రతి బడిలోనూ ఒకే ప్రశ్న వినిపిస్తుంది: "సార్, కలపాల్నా, తీసేయాల్నా?" ఈ ప్రశ్న విననివారు ఈ హాలులో ఒక్కరు కూడా ఉండరు. మనం దానికి ఏం జవాబు చెప్తున్నామో ఒక్క క్షణం గుర్తు చేసుకోండి. "తీసేయ్ బిడ్డా" అంటాము. ఆ ఒక్క మాటతో ఆ లెక్కలో ఆలోచించవలసినదంతా మనమే ఆలోచించేశాము. పిల్లవాడికి మిగిలింది వేళ్ల మీది పని. సిలబస్ ముందుకు పోవాలి, ఇంకా నలభై మంది ఉన్నారు, గంట కొట్టే వేళయింది కాబట్టి ప్రేమతోనే చెప్తాము. కానీ రోజుకు పదిసార్లు, ఐదేళ్ల పాటు అలా చెప్పిన తర్వాత పిల్లవాడు నేర్చుకునేది ఏమిటంటే, లెక్కలో ఏం చేయాలో నిర్ణయించేది తాను కాదని.

1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గణిత బోధనపై పనిచేసే పరిశోధకులు చిన్న తరగతుల పిల్లలను ఒక ప్రశ్న అడిగారు. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ నడిపే కెప్టెన్ వయసెంత? ఎక్కువమంది పిల్లలు 36 అని రాశారు. గొర్రెలకూ కెప్టెన్ వయసుకూ సంబంధం లేదని ఆ పిల్లలకు తెలియక కాదు. బడిలో ఇచ్చిన లెక్కకు జవాబు ఉండి తీరాలి, లెక్కలో కనిపించిన అంకెలన్నీ వాడి తీరాలి అన్న రెండు నియమాలను వాళ్లు చాలా శ్రద్ధగా నేర్చుకున్నారు. మన దగ్గర ఇదే సంగతి ఇంకొక రూపంలో కనిపిస్తుంది. మేడారం జాతరకు 50 మంది బయలుదేరారు, ఒక్కో ఆటోలో 8 మంది పడతారు, ఎన్ని ఆటోలు కావాలి అని నాలుగో తరగతిలో అడిగి చూడండి. భాగహారం బాగా వచ్చిన పిల్లలు కూడా "6 ఆటోలు, శేషం 2" అని రాసి కింద గీత గీస్తారు. ఆ శేషం ఇద్దరు మనుషులు. వాళ్లు కూడా సమ్మక్క గద్దె దాకా పోవలసినవాళ్లే. అదే పిల్లవాడిని బయట చెట్టు కింద కూర్చోబెట్టి మామూలుగా అడిగితే ఏడు ఆటోలని తడుముకోకుండా చెప్తాడు.

సమాన గుర్తు విషయం ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 1999లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఒకటి నుంచి ఆరో తరగతి పిల్లలకు ఒక చిన్న లెక్క ఇచ్చారు: 8 + 4 = □ + 5. డబ్బాలో ఏం రావాలి? అందులో పాల్గొన్న ఆరో తరగతి పిల్లలు 145 మంది. వాళ్లలో ఒక్కరు కూడా 7 అని రాయలేదు. అందరూ 12 అనో 17 అనో రాశారు. ఆరేళ్లు లెక్కలు చేసిన పిల్లలకు సమాన గుర్తు అంటే ‘ఇక్కడ జవాబు రాయాలి’ అన్న అర్థమే మిగిలింది, రెండు పక్కలా విలువ ఒకటే ఉండాలన్న అర్థం అందలేదు. ఇదే పిల్లలు ఏడో తరగతిలో బీజగణితంలోకి వచ్చి, సమీకరణం దగ్గర చతికిలబడితే, వాళ్లకు బీజగణితం రాదని మనం అనుకుంటాము. ఈ లెక్కకు పట్టేది రెండు నిమిషాలు. రేపు పొద్దున మీ బడిలో మూడో తరగతిలోనూ ఐదో తరగతిలోనూ ఇచ్చి చూడమని కోరుతున్నాను.

ఈ దశలో ఉపాధ్యాయ మిత్రులు తప్పకుండా లేవనెత్తే అభ్యంతరం ఒకటుంది, అది న్యాయమైనదే. కనీసం తీసివేతలు రాని పిల్లలకు ఈ ఆలోచనల లెక్కలెందుకు, ముందు పునాది పడనివ్వండి అంటారు. పునాది బలహీనంగా ఉన్నదన్న మాట నిజం. ప్రథమ్ సంస్థ 2024లో చేసిన అసర్ సర్వే ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో కనీసం తీసివేత చేయగలిగినవారు సుమారు 34 శాతం; ఐదో తరగతిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు సుమారు 31 శాతం. కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పేరుతో, మన రాష్ట్రం 2022లో తొలిమెట్టు పేరుతో మొదలుపెట్టిన కార్యక్రమాలు ఈ లోటును పూడ్చడానికి వచ్చినవే. వాటి అవసరాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను. కానీ పునాది ముందు, ఆలోచన తర్వాత అన్న వరుసనే నేను ఒప్పుకోలేను. ఆ పునాది పడకపోవడానికి కారణాల్లో ఆలోచన లేకపోవడం కూడా ఒకటని నా నమ్మకం.

ఒక తప్పును దగ్గరగా చూద్దాం. 42 లోంచి 17 తీసేయమంటే చాలామంది పిల్లలు 35 రాస్తారు. రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసి ఐదు వేస్తారు, నాలుగులోంచి ఒకటి తీసి మూడు వేస్తారు. మనం దాన్ని కొట్టేసి, "పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలె" అని మళ్లీ ఒకసారి పద్ధతి చెప్పి, అలాంటివే ఇంకో పది ఇస్తాము. అందుకు బదులు ఆ పిల్లవాడినే అడిగితే ఎలా ఉంటుందో చూడండి. "నీ దగ్గర 42 గోటీలున్నయి, 17 పోయినయి, 35 మిగిలినయి అంటున్నవు. పోయినవీ మిగిలినవీ కలిపి చూడు." పిల్లవాడు కలుపుతాడు, 52 వస్తుంది. ముందు తన కూడికను అనుమానిస్తాడు, మళ్లీ చేస్తాడు, మళ్లీ 52 వస్తుంది. అప్పుడు పది పుల్లల కట్టలు నాలుగు, విడిపుల్లలు రెండు చేతికిస్తే, పదిహేడు తీయడానికి ఒక కట్ట విప్పక తప్పదని తానే తెలుసుకుంటాడు. అప్పు తెచ్చుకోవడమంటే కట్ట విప్పడమేనని అర్థమైన పిల్లవాడు వెయ్యిలోంచి 368 తీయమన్నా సున్నాల దగ్గర ఆగిపోడు. వెనుకబడ్డ పిల్లవాడికి మనం సాధారణంగా ఇచ్చేది అదే పద్ధతిని ఇంకా ఎక్కువసార్లు, ఇంకా బిగ్గరగా చెప్పడం. వాడికి అవసరమైనది తన తప్పును తానే పట్టుకునే అవకాశం.

2005 జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం కోసం ఆర్. రామానుజం గారి అధ్యక్షతన పనిచేసిన గణిత బోధన బృందం ఈ సంగతినే గట్టిగా చెప్పింది. మన గణిత పాఠ్య ప్రణాళిక చురుకైన కొద్దిమందినీ, లెక్కకు దూరంగా జరిగిపోయిన ఎక్కువమందినీ ఒకేసారి నిరాశపరుస్తున్నదన్నది ఆ బృందం గుర్తించిన ప్రధాన లోపాల్లో ఒకటి. నేను ఈ విషయం మీద ఎన్నిసార్లు ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగుతాను. ఒకే తరగతి గదిలో ముందు బెంచీ పిల్ల ఐదు నిమిషాల్లో అన్నీ పూర్తి చేసి కిటికీలోంచి బయటకు చూస్తుంటుంది; వెనుక బెంచీ పిల్లవాడు బోర్డు మీది జవాబు దించుకుని తలవంచుకుంటాడు. ఇద్దరికీ ఆ గంటలో ఆలోచించడానికి ఏమీ దొరకలేదు.

వెనుక బెంచీ పిల్లవాడి తెలివి మీద అనుమానమున్నవారికి ఇంకొక విషయం చెప్పాలి. నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వారి సహచరులు కోల్‌కతా, ఢిల్లీ నగరాల బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల మీద చేసిన పరిశోధన 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. ఆ పిల్లలు బేరంలో బరువు, ధర, చిల్లర కలిపి నోటిలెక్కగా చకచకా తేల్చగలిగారు. దాదాపు అవే లెక్కలను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే చాలామంది చేయలేకపోయారు. బజారులో పనిచేయని, బడికి మాత్రమే పోయే పిల్లల పరిస్థితి తలకిందులుగా ఉంది; కాగితం మీద చేయగలిగారు గానీ బజారు లెక్క దగ్గర తడబడ్డారు. పరకాల అంగట్లోనో జనగామ అంగట్లోనో తల్లి పక్కన కూర్చుని మిరపకాయలు అమ్మే పిల్ల ఇంట్లో, పత్తి ఏరిన కూలీని కిలోల లెక్కన రోజూ మాటల్లో తేల్చుకునే ఇంట్లో, లెక్క లేకపోవడమేమిటి? ఆ లెక్కకూ బడి లెక్కకూ మధ్య తలుపు తీసే పని ఎవరో చేయాలి. అది మనమే చేయాలి.

ఇక రెండో పక్క ఉన్న పొరపాటు గురించి తల్లిదండ్రులతో నేరుగా మాట్లాడాలనుకుంటున్నాను. ప్రభుత్వ బడిలో సవాలు లేదనుకుని మీలో చాలామంది ఖర్చుకు వెనుకాడకుండా పిల్లలను ప్రైవేటు బడుల్లో వేశారు. అక్కడ కొన్నిచోట్ల మూడో తరగతికే ఐదో తరగతి పాఠం చెప్తారు, ఐదో తరగతికి ఐఐటీ ఫౌండేషన్ అంటారు. ఒక పాఠాన్ని రెండేళ్లు ముందుకు జరిపినంత మాత్రాన అది ఆలోచింపజేసే పాఠం అయిపోదు. పదేళ్ల పిల్లవాడు భిన్నాల గుణకారాన్ని పైది పైదానితో, కిందిది కిందిదానితో అని బట్టీ పట్టి గబగబా చేసేస్తాడు. సగంలో సగం ఎంత, బొమ్మ గీసి చూపించు అంటే ఆగిపోతాడు. పైపైన గీరిన పదెకరాల కంటే లోతుగా దున్నిన ఎకరం మేలని మన జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఐదో తరగతి గణితం లోతుగా వచ్చిన పిల్లవాడికి ఆరో తరగతి గణితం దానంతటదే దగ్గరకు వస్తుంది.

గురుకులాలకు, నవోదయకు కోచింగుల సంగతి కూడా ఇలాంటిదే. మామునూరు నవోదయలో సీటు వస్తే పిల్లల బతుకు మారుతుందన్న మీ ఆశను నేను గౌరవిస్తాను. ఆ ప్రవేశ పరీక్షలో రెండు గంటల్లో 80 ప్రశ్నలు ఉంటాయి, అందులో సగం మానసిక సామర్థ్యానికి చెందినవి. ఇచ్చిన బొమ్మల వరుసలో తర్వాత ఏది వస్తుందో కనిపెట్టమనే ప్రశ్న నిజానికి చాలా మంచి ప్రశ్న. అలాంటిదాన్ని మొదటిసారి చూసిన పిల్లకు అది నిండైన ఆలోచన. వందలకొద్దీ అవే నమూనాలు, వాటికి షార్ట్‌కట్లు కలిపి నూరిపోసినప్పుడు ఆ ప్రశ్నలో కూడా ప్రాణం మిగలదు. వేగంగా కూడించే అబాకస్ తరగతుల గురించి అడిగేవారికి కూడా నేను చెప్పేది ఒకటే. వేగం ఒక నైపుణ్యం, అది ఉండవచ్చు. దాన్ని చూసి పిల్లవాడికి గణితం వచ్చేసిందనుకోవద్దు.

ఎక్కాలకు నేను వ్యతిరేకినన్న అపోహ కొందరికి ఉన్నది. ఎక్కాలు నోటికి రావాలి. ఏడెనిమిదుల యాభై ఆరు అని తడుముకోకుండా వచ్చిన పిల్ల మనసు లెక్కలోని అసలు చిక్కు మీద నిలబడగలుగుతుంది. ఆరెక్కం మరిచిపోతే ఐదెక్కంలోని ఐదుకు ఒకటి, పదికి రెండు, పదిహేనుకు మూడు కలుపుకుంటూ తానే కట్టుకోగలనన్న ధైర్యం కూడా దానికి తోడుండాలి. ఈ రెండింటికీ మధ్య తగువు లేదు.

ఇప్పుడు మీకు ఒక పాఠం చూపిస్తాను. సంక్రాంతికి ముందు రోజుల్లో ఒక ప్రభుత్వ బడిలో నాలుగో తరగతి పిల్లలతో చేసినది. పలకలు, సుద్దముక్కలు తప్ప ఇంకేమీ వాడలేదు. ముగ్గులో సందు చుక్క అంటే ఏమిటో ఆ పిల్లలకు మనం చెప్పనక్కరలేదు. ఐదు చుక్కల సందు ముగ్గు, ఒకటి వచ్చేదాకా పెట్టమన్నాము. మధ్య వరుసలో ఐదు, దానికి పైనా కిందా సందుల్లో నాలుగేసి, తర్వాత మూడేసి, రెండేసి, చివర ఒక్కొక్కటి. మొత్తం చుక్కలెన్ని? ఒక్కొక్కటే వేలుపెట్టి లెక్కపెట్టినవాళ్లలో కొందరికి 24, కొందరికి 25, ఒకరికి 27 వచ్చింది. ఎవరిది ఒప్పో నేను చెప్పలేదు. చెప్పకపోవడం వల్లనే మిగతా పాఠం జరిగింది.

తప్పిపోకుండా లెక్కపెట్టే ఉపాయం ఏమన్నా ఉన్నదా అని అడిగితే, వరుసల వారీగా రాసుకుందామన్నారు: 1, 2, 3, 4, 5, 4, 3, 2, 1. కూడితే 25. అందరూ ఒప్పుకున్నారు. అప్పటిదాకా నోరు విప్పని ఒక పిల్లవాడు పై కొసన ఉన్న ఒక్క చుక్కను మధ్య వరుస కిందనున్న నాలుగు చుక్కల పక్కన పెట్టి, "గిది అయిదైంది" అన్నాడు. తర్వాత పైనున్న రెండును కిందనున్న మూడుతో, పై మూడును కింది రెండుతో, పై నాలుగును కింది ఒకటితో కలిపాడు. నాలుగు ఐదులు, మధ్యలో ముందునుంచీ ఉన్న ఐదు, ఐదైదుల పాతిక. ఆ పక్కనే ఒక పిల్ల తన పలకను ఏటవాలుగా తిప్పి పట్టుకుని, "సార్, వంకరగ చూస్తే అన్ని వరుసలల్ల అయిదైదే ఉన్నయి" అన్నది. పలకను వాల్చి చూస్తే ఐదు వరుసలు, వరుసకు ఐదు. ఈ ఇద్దరూ చెప్పినవి ఒకే సత్యానికి రెండు రుజువులు. నాలుగో తరగతి పిల్లలు, ఎవరూ చెప్పకుండా, సుద్దముక్కతో గణితశాస్త్రంలో రుజువు అనదగిన పని చేశారు.

ఏడు చుక్కల ముగ్గు వేస్తే అని అడగ్గానే సగం మంది ఏడేడుల నలభై తొమ్మిది అన్నారు, మిగతా సగం మంది వేసి చూసి ఒప్పుకున్నారు. సరిగ్గా వంద చుక్కలతో ముగ్గు వేయాలంటే మధ్యలో ఎన్ని పెట్టాలి? పది. ముప్పై చుక్కలతో? ఇక్కడ గది నిశ్శబ్దమైపోయింది. ఐదు పెడితే 25, ఆరు పెడితే 36. మధ్యలో ఏమీ లేదు. "ముప్పైతోని ముగ్గు కాదు సార్" అని ఒకరు, ఎందుకు కాదో ఇంకొకరు చెప్పారు. జవాబు లేని లెక్క కూడా ఉంటుందని, లేదని చెప్పడానికి కూడా కారణం కావాలని ఆ రోజు వాళ్లకు తెలిసింది. గ్రెనోబుల్ పిల్లలకు అందనిది సరిగ్గా ఇదే. సందు చుక్క బదులు ఎదురు చుక్క పెడితే, అంటే వరుసకు రెండేసి తగ్గించుకుంటూ పోతే, 1, 5, 13, 25 అని వస్తుంది. ఆ సంఖ్యల్లో ఏం దాగి ఉన్నదో మీరు ఇంటికి వెళ్లి చుక్కలు పెట్టి చూడండి; నేను చెప్పను.

ఆ గంటలో వేలుపెట్టి లెక్కించిన పిల్లకు పని దొరికింది, కూడిక వచ్చిన పిల్లవాడికి పని దొరికింది, అందరికంటే చురుకైన పిల్లకు కూడా చేతినిండా పని దొరికింది. అందరికీ ఇచ్చిన లెక్క ఒకటే. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు నడిపే బడుల్లో ఉన్నవారికి ఇది చాలా ముఖ్యమని నా ఉద్దేశం. తరగతికొక పాఠం చెప్పబోయి ఏదీ పూర్తికాని పరిస్థితిలో, ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఎవరి స్థాయిలో వారు దిగగలిగే ఒక లెక్క ఇచ్చి, పెద్ద పిల్లలను చిన్న పిల్లలకు వివరించమనడం తెలివైన మార్గం.

కొత్త పుస్తకం వస్తే గానీ ఇది సాధ్యం కాదనుకోవద్దు. ఉన్న అభ్యాసాన్నే కొంచెం మలిస్తే చాలు. 38, 27 కూడితే ఎంత అని అడగడానికి బదులు, రెండు సంఖ్యలు కూడితే 65 వచ్చింది, అవి ఏమేం కావచ్చు, అన్నీ రాశామని ఎట్లా తెలుస్తుంది అని అడగండి. ఐదో తరగతికి పది గుణకారాలు ఇచ్చే చోట 1, 2, 3, 4 అన్న నాలుగు అంకెలు ఇచ్చి, వాటితో రెండు రెండంకెల సంఖ్యలు తయారుచేసి గుణిస్తే అన్నిటికంటే పెద్ద జవాబు ఏది వస్తుందో తేల్చమనండి. చాలామంది ముందు 43ను 21తో గుణిస్తారు, 903 వస్తుంది. ఎవరో 42ను 31తో గుణించి 1302 తెస్తారు, అంతటితో అయిపోయిందనుకుంటారు. కాసేపటికి ఎవరో ఒకరు 41ను 32తో గుణించి 1312 తెచ్చి చూపిస్తారు. పది గుణకారాలు చేయమంటే మొహం ముడుచుకున్న పిల్లలే ఇక్కడ వీలైన పన్నెండూ చేస్తారు, అదీ అడగకుండానే. అభ్యాసం ఎక్కడికీ పోలేదు. దానికొక ప్రయోజనం దొరికింది.

భాష సంగతి దాటవేయడానికి వీల్లేదు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఆంగ్ల మాధ్యమం వచ్చింది, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. ఏటూరునాగారం వైపు కోయ, ఉట్నూరు వైపు గోండి, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ ఇంటి భాషగా ఉన్న పిల్లలకు తెలుగే రెండో భాష. ఇంగ్లిషులో ఉన్న రాతలెక్క ముందు ఆ పిల్లవాడు ఆగిపోతే అది లెక్క రాకపోవడమో, వాక్యం అర్థం కాకపోవడమో తేల్చుకోకుండా వాడికి మార్కు వేయడం అన్యాయం. లెక్కను ఇంటి భాషలో మాట్లాడుకోనివ్వండి, బొమ్మ గీయనివ్వండి, ఆ తర్వాత ఇంగ్లిషులో రాయించండి. ఆలోచన ఏ భాషలో పుట్టినా ఆలోచనే.

ఇంకొక మాట ఉపాధ్యాయులకు. ప్రశ్న అడిగిన తర్వాత టీచర్లు ఎంతసేపు ఆగుతారో మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల్లో సైన్సు తరగతుల్లో కొలిచింది. సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచినప్పుడు పిల్లల జవాబులు పొడవయ్యాయి, కారణాలతో వచ్చాయి, అంతకుముందు మాట్లాడనివారు మాట్లాడారు. మూడు సెకన్లకు ఏ సిలబస్ కూడా వెనుకబడదు. మన రాష్ట్ర గణిత విద్యా ప్రమాణాల్లో సమస్యా సాధనతో పాటు కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం కూడా ఉన్నాయి. మన రికార్డుల్లో అవన్నీ రాస్తూనే ఉన్నాము. ప్రశ్నపత్రం తయారుచేసేటప్పుడు, ‘ఎందుకు’ అని అడిగే ఒక్క ప్రశ్నకైనా చోటిచ్చి, జవాబు తప్పినా కారణం సరిగ్గా ఉంటే మార్కు వేయగలిగితే, పిల్లలు ఆ ప్రమాణాలను నమ్ముతారు.

తల్లిదండ్రులు చేయగలిగినది చిన్నదే. సాయంత్రం పుస్తకం తెరిచి ఎన్ని రైట్లు వచ్చాయో లెక్కపెట్టే బదులు ఒక్క లెక్క చూపించి, ఇది నీకు ఎట్లా వచ్చింది, నాకు చెప్పు అనండి. మీరు చదువుకోలేదని సంకోచించకండి. తెలియనివారికి చెప్పేటప్పుడే పిల్లలకు లెక్క తేటపడుతుంది. ఒక లెక్క దగ్గర పిల్లవాడు పావుగంట సేపు కూర్చుంటే వెనుకబడ్డాడని కంగారు పడి జవాబు అందించకండి. ఆ పావుగంట వాడిదే.

చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే వచ్చే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ప్రతి ఉపాధ్యాయుడు, ఉపాధ్యాయురాలు ఒక పని చేసుకుని రావాలని నా విన్నపం. 1, 2, 3, 4 అంకెల లెక్కను గానీ, ముగ్గు లెక్కను గానీ మీ తరగతిలో ఇవ్వండి. ఏ గుర్తు వాడాలో చెప్పకండి. మూడు నోటుపుస్తకాలు పట్టుకుని రండి: త్వరగా చేసిన పిల్లది ఒకటి, మధ్యలో ఆగిపోయినవారిది ఒకటి, ఎప్పుడూ బోర్డు చూసి దించుకునే పిల్లవాడిది ఒకటి. ఆ మూడో పుస్తకాన్ని మనం ముందుగా తెరిచి చదువుదాం.